పైన్ తోటల్లో సైకిల్ తోవలు వాలుకు అడ్డంగా వేయాలి

సంపాదకుల వారికి,

చలికాలం మొదలైతే చాలు, విజయనగరం, శ్రీకాకుళం కుర్రకారు కొండ సైకిళ్లు పట్టుకుని శృంగవరపుకోట మీదుగా అనంతగిరి, అరకు వైపు, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని దారింగ్‌బాడి వైపు బయల్దేరుతున్నారు. పైన్ తోటల్లో సైకిల్ తొక్కడం మంచి ఆట, ఒంటికి గట్టి వ్యాయామం. అక్కడే పడి మణికట్టో భుజమో విరగ్గొట్టుకునే వాళ్లూ ఉన్నారు. కుర్రాళ్ల దూకుడే దీనికంతా కారణమని తీసిపారేయడం సరికాదు. కాలిబాట తిన్నగా వాలులోకి దిగిపోతుంటే ఎంత నిదానంగా తొక్కేవాడైనా బ్రేకు మీదే బతకాలి. ఎండిన పైన్ ఆకుల మీద బ్రేకు పట్టదు. కొండల్లో పర్యాటకం కోసం సైకిల్ తోవలు వేయాలనుకునే వారు ముందుగా చూడాల్సింది ఇదే.

పైన్ ఆకు సూదిలా సన్నగా ఉంటుంది, దాని మీద మైనపు పూత ఉంటుంది. ఎండి రాలి మందంగా పేరుకున్నాక ఒకదాని మీద ఒకటి జారుతుంది. టైరు గుబ్బలకు కింది మట్టి అందదు. ఆ పరుపు కింద వేర్లు, గుండ్రంగా దొర్లే పైన్ కాయలు దాగి ఉంటాయి. అలాంటి చోట ముందు బ్రేకు గట్టిగా నొక్కితే ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు కొట్టుకుపోతుంది. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు గానీ ముందుది జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. అందుకే వేగం తగ్గించుకోవాల్సింది మలుపులో కాదు, మలుపుకు ముందు మట్టి తేలిన చోట. వేరు మీదకు ఎక్కేటప్పుడు బ్రేకు పూర్తిగా వదిలేసి, చక్రం వేరుకు అడ్డంగా దాటేలా చూసుకోవాలి. ఏటవాలుగా వస్తే చక్రం వేరు పొడవునా జారిపోతుంది. దిగుడుకు ముందు సీటు బాగా దించి, పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో పెట్టి నిలబడి దిగాలి. ఎక్కువగా సీటు దించకుండా దిగేవాళ్లే హ్యాండిల్ మీదుగా ముందుకు పల్టీ కొడతారు.

ఇక తోవ సంగతి. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైట్ రాయి. అది చివికి ఎర్ర బంకమన్నుగా మారుతుంది. వాలులోకి తిన్నగా దిగే బాట మీద వాన నీరు పడితే ఆ నీరు కూడా బాట వెంటే పరుగెడుతుంది, రెండు మూడు వానాకాలాలకు అది బాట కాదు, చిన్న గెడ్డ అవుతుంది. వేర్లు బయటపడతాయి, రాళ్లు తేలతాయి, తొక్కేవాళ్లు పక్కనుంచి ఇంకో దారి తీస్తారు, అదీ కోసుకుపోతుంది. సైకిలు పాడుచేసిందని అందరూ అంటారు. పాడుచేసింది నీరు, దానికి దారి ఇచ్చింది తోవ వేసిన తీరు.

తోవ కొండకు అడ్డంగా, నడుము చుట్టూ మొలతాడు తిరిగినట్టు తిరగాలి. కొండ వాలు ఎంత ఉంటే తోవ వాలు అందులో సగానికి మించకూడదు. కొండ వాలు 20 శాతమైతే తోవ 10 శాతం లోపే. మొత్తం మీద సగటు 10 శాతం దాటకపోతే మంచిది. అంటే వంద మీటర్ల దూరానికి పది మీటర్ల దిగుడు. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు, తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల పైపు సరిపోతుంది. సైకిలు నడిచే వెడల్పంతా కొండలోకి తవ్వి తీయాలి. తవ్విన మట్టిని అంచున పోసి దాని మీదే తోవ వేస్తే మొదటి గట్టి వానకే కుంగుతుంది. సూదాకుల పొరను, దాని కింద కుళ్లిన నల్ల పొరను పూర్తిగా తీసి గట్టి మట్టి తేలేదాకా వెళ్లాలి. తోవ మీటరు వెడల్పుంటే లోయ వైపు అంచు కొండ వైపు కన్నా ఐదు సెంటీమీటర్లు పల్లంగా ఉండాలి, నీరు అడ్డంగా దాటి పోవడానికి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, పది పదిహేను మీటర్లకొకసారి దిగుడు మధ్యలో చిన్న ఎగుడు రావాలి. ఆ ఎగుడుకు ముందుండే పల్లం దగ్గర నీరు తోవ వదిలి కిందికి దిగిపోతుంది, తొక్కేవాడి వేగం కూడా బ్రేకు లేకుండానే తగ్గుతుంది. కాలం గడిచేకొద్దీ లోయ వైపు అంచున మట్టి గట్టులా పేరుకుంటుంది. వానలు వెళ్లాక పారతో ఆ గట్టు తీసేయకపోతే నీరు మళ్లీ తోవ వెంటే పారుతుంది. తోవ వేయడానికి డబ్బు కేటాయించి, ఈ ఏటేటా పనికి కేటాయించకపోతే ఆ డబ్బు వానలో పోసినట్టే.

గిరిజనులు సంతకు నడిచే బాటలను సైకిళ్ల కోసం లాక్కోవద్దు. వాటిలో తలమీద బరువుతో ఎదురొచ్చేవారికి దారి ఇచ్చి ఆగాల్సింది సైకిలువాడే. రిజర్వు ఫారెస్టులోకి అటవీశాఖ అనుమతితోనే వెళ్లాలి.

తొక్కేవాళ్లకు బండి గురించి. ఎక్కువమంది చేసే పని టైరులో గాలి రాయిలా కొట్టించడం. 70 కిలోల మనిషికి, 2.3 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకు ముందు 20 నుంచి 22, వెనక 23 నుంచి 25 పీఎస్‌ఐ చాలు. ట్యూబు ఉంటే 28, 30 దాకా ఉంచాలి. తక్కువైతే రాయి మీద టైరు నలిగి ట్యూబుకు రెండు పక్కపక్క గాట్లు పడతాయి. మైదానం వేడిలో నింపిన గాలి కొండ మీది చలిలో అంతే ఉండదు. కాబట్టి గేజి వెంట తీసుకెళ్లి పైన దిగాక మళ్లీ చూసుకోవాలి. ట్యూబ్‌లెస్ టైరు లోపల చిల్లులు పూడ్చడానికి పోసే సీలెంటు ద్రవం మన తీరప్రాంతపు వేడికి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. టైరు ఊపితే లోపల ద్రవం చప్పుడు వినిపించకపోతే కొత్తది పోయాలి.

డిస్క్ బ్రేకుల ప్యాడ్లు కొత్తవి వేయగానే ఘాట్‌లోకి దిగకూడదు. చదును రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి ఇరవైసార్లు తగ్గించాలి, చక్రం పూర్తిగా ఆగనివ్వకుండా. ప్యాడు మీది రాపిడి పొర మందం అర మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చాల్సిందే. మినరల్ ఆయిల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులో డాట్ ఆయిల్ పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి బ్రేకే చెడిపోతుంది. మామూలు మెకానిక్ షాపుల్లో మోటారు సైకిలుకు వాడే డాట్ ఆయిలే దొరుకుతుంది కనుక ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. అనంతగిరి నుంచి శృంగవరపుకోటకు దిగే ఘాట్‌లో బ్రేకు లివర్‌ను అదేపనిగా పట్టుకు కూర్చుంటే డిస్కు కాలి, ఆయిల్ మరిగి, లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. గట్టిగా పట్టి వదలడం, మళ్లీ పట్టి వదలడం, అదీ పద్ధతి. రిమ్ బ్రేకుల చవక సైకిళ్లతో ఆ దిగుడు ఏకబిగిన దిగకూడదు. మధ్యలో ఆగి రిమ్ చల్లారనివ్వాలి.

సూదాకులు వెనక గేరు చిన్న పళ్లచక్రాల్లో చుట్టుకుంటాయి. వాటిని లాగేయకుండా అలాగే తొక్కితే డెరెయిలర్, అంటే గొలుసును గేరు నుంచి గేరుకు మార్చే భాగం, చక్రం చువ్వల్లోకి పోతుంది. ఒక ట్యూబు, టైరు విప్పే లివర్లు రెండు, పంపు, ఆ బండికే సరిపోయే డెరెయిలర్ హ్యాంగరు (డెరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క), వెనక గేర్ల సంఖ్యకు తగిన క్విక్ లింకు (తెగిన గొలుసును కలిపే లంకె) సంచిలో ఉండాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఆ తర్వాత తుపాను వానల్లోనూ ఈ తోవలు మూసేయాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ వచ్చింది అక్టోబరులోనే. తడి మట్టి మీద టైరు గాడి పడుతోందంటే వెనక్కి తిరగడమే పని. ఫిబ్రవరి దాటాక ఆ సూదాకులకు అగ్గిపుల్ల చాలు. తోటలో వంట, సిగరెట్టు రెండూ నిషేధించాలి.

ఇంకొకటి. సైకిలు చప్పుడు చేయదు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో ఎలుగుబంట్లు, సీతంపేట వైపు ఏనుగులు తిరుగుతున్నాయి. ఎదుటివాడు వస్తున్నట్టు ఎలుగుకు తెలియకపోతే మీద పడే ప్రమాదం ఎక్కువ. ఆ వైపు తొక్కేవాళ్లు హ్యాండిల్‌కు మువ్వల గంట కట్టుకోవాలి, తెల్లవారకముందు, చీకటి పడ్డాక అసలు వెళ్లకూడదు. ఏనుగులు ఎటున్నాయో ఆ రోజే అటవీ సిబ్బందిని అడిగి బయల్దేరాలి.

- కొండ సైకిళ్లు తొక్కేవారు, బాగుచేసేవారు,
విజయనగరం