బైలాస్ ముసాయిదాలో 'స్వచ్ఛందంగా' ఎక్కడ ఉండాలి?

సభ్యులందరికీ నమస్కారం. మన ఫ్లాట్ల సంఘం బైలాస్ (నియమావళి) ముసాయిదా 7వ నిబంధనలో "ప్రతి ఫ్లాటువారు స్వచ్ఛందంగా రూ.2,000 చెల్లించాలి" అని ఉంది. 'స్వచ్ఛందంగా', 'చెల్లించాలి' ఒకే వాక్యంలో ఇమడవు. రేపు ఎవరైనా కట్టకపోతే అడిగే హక్కు సంఘానికి ఉందో లేదో తేలదు. విరాళమైతే "ఇవ్వవచ్చు; ఇవ్వనివారికి ఏ సౌకర్యమూ ఆపరాదు" అని రాద్దాం. రుసుమైతే 'స్వచ్ఛందంగా' కొట్టేసి గడువు తేదీ పెడదాం.

12వది మరీ ప్రమాదం: "వరుసగా 3 సమావేశాలకు రాని కమిటీ సభ్యుడు స్వచ్ఛందంగా రాజీనామా చేసినట్టే." ఆస్పత్రిలో ఉన్న మనిషి పదవి వదులుకున్నట్టా? సంతకం చేసి ఇస్తేనే రాజీనామా. గైర్హాజరుకు "15 రోజుల నోటీసిచ్చి, సంజాయిషీ విన్నాక తొలగించవచ్చు" అని మార్చాలి.

'సమ్మతి' అన్నచోట 'రాతపూర్వక' చేర్చండి. గ్రూపులో జవాబివ్వకపోవడాన్ని సమ్మతిగా రాయొద్దు. బలవంతంతోనో మోసంతోనో తీసుకున్నది స్వేచ్ఛాసమ్మతి కాదని 1872 కాంట్రాక్టు చట్టం 14వ సెక్షనే చెబుతోంది.