మేకని చూడటం వచ్చిన పిల్లలకి ఒక పోటీ పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో పాల దిగుబడి పోటీల వార్త, లేగదూడల ప్రదర్శన వార్త ఏటా వస్తూనే ఉంటాయి. ఫొటోలో మధ్యన దూడ ఉంటుంది, పక్కన కండువా కప్పుకున్న పెద్దమనిషి ఉంటాడు, తాడు పట్టుకున్న గుంటడు మాత్రం సగం ఫ్రేము బయటే ఉంటాడు. ఆ దూడని రోజూ కడిగేది, మేపేది, దానికి పారుడు పట్టుకుంటే ముందు కనిపెట్టేది వాడే. వాడికేం తెలుసని అడిగిన పోటీ మాత్రం మన వైపు నేనెప్పుడూ చూడలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది శ్రీకాకుళం నుంచి వచ్చే మీ పేపరు. రెండు పాడి గేదెలు, కొన్ని మేకలు ఉన్నాయి, అందుకే ఈ విషయంలో కాస్త నోరు చేసుకుంటున్నాను. ఈ మధ్య మా దగ్గర ఒక బడిలో పశుసంపద మీద క్విజ్ పెట్టారు. దేశంలో పాల ఉత్పత్తి పెంచిన ఆపరేషన్ ఫ్లడ్ పథకం ఎప్పుడు మొదలైంది, దాని వెనక ఉన్నదెవరు, ఇలాంటి ప్రశ్నలు. 1970, కురియన్ అని గైడు బట్టీపట్టిన పిల్లలకి బహుమతులు వచ్చాయి. మంచిదే, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. కానీ మేక నోరు తెరిచి చూసి ఇది ఆరు పళ్ళది, వయసు మూడేళ్ళకి కాస్త అటూ ఇటూ అని చెప్పగల మా మేనల్లుడు మొదటి రౌండులోనే ఇంటికొచ్చేశాడు. ఆ క్విజ్‌లో ఒక్క పశువు కూడా లేదు సార్, కనీసం బొమ్మయినా లేదు.

అమెరికాలో ఈ పని వేరేగా చేస్తారు. అక్కడ ఫోర్-హెచ్ అని పిల్లల సంఘాలున్నాయి, 1902లో ఒహాయోలోని క్లార్క్ కౌంటీలో గ్రాహం అనే బడి అధికారి మొదలుపెట్టిన పిల్లల క్లబ్బు నుంచి పెరిగినవి. ఆ సంఘాల్లో పశువుల్ని అంచనా కట్టే పోటీలు జరుగుతాయి. ఒకే రకం జంతువులు నాలుగింటిని నిలబెట్టి ఒకటి నుంచి నాలుగు వరకు నంబర్లు వేస్తారు. పిల్లలు పక్క నుంచి, వెనక నుంచి, నడిపించి చూసి పదిహేను నిమిషాల లోపు ఏది మేలు, దాని తరవాత ఏది అని వరస రాసివ్వాలి. నాలుగు జంతువుల్ని వరసపెట్టడానికి ఇరవైనాలుగు రకాలున్నాయి కాబట్టి గుడ్డిగా రాస్తే దొరికిపోతారు. మార్కులేసే తీరు కూడా నాకు నచ్చింది. దాదాపు సమానంగా ఉన్న రెండింటిని అటూ ఇటూ మారిస్తే ఒకటో రెండో మార్కులు పోతాయి, అందరికీ కనిపించే నాసిరకాన్ని తీసుకెళ్ళి పైన పెడితే మాత్రం మొత్తం యాభై మార్కుల్లో చాలా భాగం ఎగిరిపోతుంది.

అసలు పరీక్ష ఆ తరవాత. ఒక్కొక్కరూ న్యాయనిర్ణేత ముందు నిలబడి, చేతిలో కాగితం లేకుండా, రెండు నిమిషాల్లో ఎందుకలా పెట్టావో చెప్పాలి. మొదటిదాన్ని మెచ్చుకుంటే సరిపోదు, రెండోదానిలో మొదటిదాని కంటే మేలైన గుణం ఏదైనా ఉంటే అది కూడా ఒప్పుకుని మరీ చెప్పాలి. 'మూడో నంబరు మేకకి నడుం పొడుగు, అది నిజమే, కానీ వెనక కాళ్ళు లోపలికి తిరిగి ఉన్నాయి కాబట్టి కిందకి దించాను' అని. సంతలో కోడె కొన్నాక ఎందుకు కొన్నావంటే 'చూడగానే నచ్చింది' తప్ప ఇంకో మాట చెప్పలేని పెద్దవాళ్ళు మన దగ్గర ఎంతమంది లేరు? ఆ రెండు నిమిషాలు పద్నాలుగేళ్ళ పిల్ల మాట్లాడగలిగితే, రేపు బ్యాంకు మేనేజరు ముందు లోను అడగడానికి దానికేం టెన్షన్ ఉంటుంది?

ఇంకో పోటీ ఉంది, స్కిల్లథాన్ అంటారు. బల్లల మీద వస్తువులు పరుస్తారు. దాణా రకాలు, పనిముట్లు, మందు సీసాలు, జాతుల ఫొటోలు. ఒక్కో బల్ల దగ్గర కొన్ని నిమిషాలు, అంతే. ఇది మన దగ్గర పెట్టడానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు. తవుడు, వేరుశనగ చెక్క, నువ్వుల చెక్క, మొక్కజొన్న నూక, ఖనిజ లవణ మిశ్రమం ఐదు పళ్ళాల్లో పోసి వాసన చూసి చెప్పమనండి. చెక్కకి బూజు పట్టిందో లేదో చెప్పమనండి. మాంసం కొట్టు దగ్గర మేక దవడలు నాలుగు తెచ్చి ఉడకబెట్టి శుభ్రం చేస్తే వయసు చెప్పే బల్ల తయారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. బండలాగుడు పోటీల్లో ఎడ్లని పళ్ళ లెక్కనే విడదీస్తారు కదా, ఆ లెక్క తెలిసిన పిల్లలు మనకి బోలెడు మంది.

మందు సీసా బల్ల ఒకటి తప్పకుండా ఉండాలి. పొదుగువాపుకి యాంటీబయాటిక్ పొడిపించిన గేదె పాలు ఎన్ని రోజులు కేంద్రంలో పోయకూడదో సీసా మీద, లోపలి కాగితం మీద ఉంటుంది. ఎంతమంది చదువుతున్నారు? చదివినా ఎంతమంది ఆపుతున్నారనేది వేరే కథ, అది ఇక్కడొద్దు.

నేనైతే టేపు బల్ల కూడా పెడతాను. సంతలో కాటా ఉండదు, బేరగాడు మేక నడుం మీద చెయ్యేసి నొక్కి, ఒకసారి పైకెత్తినట్టు చేసి 'పాతిక కిలోలు కూడా తూగదమ్మా' అంటాడు. అప్పుడు దర్జీ టేపు తీయాలి. ముందుకాళ్ళ వెనక నుంచి ఛాతీ చుట్టూ ఎన్ని అంగుళాలో చూడాలి, బిగించకుండా, వదులు లేకుండా. తరవాత భుజం మొన నుంచి తోక పక్క ఎముక దాకా పొడుగు. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే హెచ్చవేసి, దాన్ని పొడుగుతో హెచ్చవేసి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టు 28, పొడుగు 26 అయితే దాదాపు 31 కిలోలు. ఇది కాటా అంత కచ్చితం కాదు, కొంచెం అటూ ఇటూ అవుతుంది, కడుపు నిండా నీళ్ళు తాగిన మేక అయితే ఇంకాస్త. అయినా పాతికకీ ముప్ఫై ఒకటికీ మధ్య ఉన్న ఆరు కిలోలు ఎవరి జేబులోంచి పోతున్నాయో పిల్లలకి అక్కడికక్కడే లెక్క తేలుతుంది. తొమ్మిదో తరగతి గణితానికి ఇంతకంటే మంచి లెక్క నాకు తెలీదు.

మన పిల్లలకి అన్నీ వచ్చని నేను అనడం లేదు. పశువుల మధ్య పెరిగితే సరిపోదు, వాటితోపాటు తప్పులు కూడా పెద్దవాళ్ళ నుంచే వస్తాయి. దూడకి పొట్ట ఉబ్బితే ఇనుప కడ్డీ కాల్చి వాతలు పెట్టడం ఇంకా చూస్తున్నాం. ఎద్దుకి ఫలానా చోట సుడి ఉందని ధర తగ్గించేస్తారు, ఈ పోటీలో సుడిని కారణంగా చెప్పినవాడికి సున్నా వేయాలని నా మాట (మా మావయ్య వింటే నన్ను సున్నా చేస్తాడు). వీటన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకోటి. కొరాపుట్ వైపు దొమ్మరోగంతో (ఆంత్రాక్స్) చచ్చిన పశువుని కోసి తిని మనుషులు జబ్బుపడిన సంగతి మీ పేపర్లోనే చదివాం. ఉన్నట్టుండి చచ్చిన పశువుకి ముక్కులోంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం వస్తుంటే ఏం చేస్తావని పోటీలో అడగాలి. కోయను, చర్మం తీయను, డాక్టరుకి చెప్తాను, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్పిస్తాను అని చెప్పిన పిల్లకి మిగతా ప్రశ్నలు రాకపోయినా ఫరవాలేదు. ఆ సూక్ష్మజీవి మట్టిలో ఏళ్ళ తరబడి బతికుంటుంది.

ఈ ప్రాంతానికి సొంతంగా చెప్పుకోవడానికి కూడా ఉంది. గంజాం మేక మనది, పొడుగు కాళ్ళు, ఎక్కువగా నలుపు, పైకి లేచిన పొడుగు కొమ్ములు, తరతరాలుగా గొల్లలు మందలుగా తిప్పుకుంటూ వచ్చినది. తూర్పు కనుమల్లోని మందా గేదెకి పాత పుస్తకాల్లో పర్లాకిమిడి అని మన ఊరి పేరే ఉంది. బూడిద రంగు ఒళ్ళు, రాగి రంగు వెంట్రుకలు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ కొన్నేళ్ళ కిందట దాన్ని విడి జాతిగా గుర్తించింది. మన బడి పిల్లల్ని గేదె జాతులు చెప్పమంటే ముర్రా, జఫరాబాదీ అంటారు. ఇంటి వెనక కట్టేసి ఉన్నదాని పేరు ఎవరూ చెప్పరు.

అమెరికా వాళ్ళది ఒకటి మాత్రం మనకొద్దు. అక్కడ జంతువుకి బహుమతి ఇచ్చే ప్రదర్శనలు కూడా పెద్దవే, గెలిచిన కోడె వేలంలో బాగా పలుకుతుంది. డబ్బు చేరిన చోట మోసం చేరింది, 1994లో ఒహాయో స్టేట్ ఫెయిర్‌లో గెలిచిన పశువులకి నిషేధిత మందులు వాడినట్టు బయటపడి పెద్ద గొడవైంది. అందుకే బహుమతి పశువుకి వద్దు, పిల్లకే ఇవ్వండి అంటున్నాను. తెలివికి ఇంజక్షన్ ఎక్కించలేరు కదా.

పోటీకి పశువుల్ని ఊరూరి నుంచి తోలుకు రావద్దు. దేశంలో లంపీ స్కిన్ అనే పశువుల చర్మరోగం మొదట బయటపడింది 2019లో మా ఒడిశాలోనే. పది మందల్ని ఒకచోట కలిపితే పీపీఆర్ అనే మేకల రోగమో గాలికుంటో అంటించుకుని ఇళ్ళకి వెళ్తాయి. టీకాలు పడిన ఒకే మందలోంచి నాలుగు మేకల్ని తీసుకుని పిల్లల్ని వాటి దగ్గరికి రప్పించాలి. భాష సంగతి కూడా ముందే తేల్చాలి. గజపతి జిల్లాలో పిల్లలు తెలుగు, ఒడియా, సవర మూడూ మాట్లాడతారు, వాటిలో ఏ భాషలో చెప్పినా వినే నిర్ణేతలు కావాలి. పాతపట్నం వైపు నుంచి ఒక పశువైద్యుడు, ఇటు నుంచి ఒకరు, సవర వచ్చిన టీచరు ఒకరు కూర్చుంటే సరిపోతుంది. ఆర్. ఉదయగిరిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అటు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, వాళ్ళు తలుచుకుంటే ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఎలాగూ నవంబరు 26న పాల దినోత్సవమని మైకు పెట్టి ఉపన్యాసాలు ఇస్తారు, ఆ పూటని పిల్లలకి ఇచ్చేయండి. ఆడపిల్లల్ని తప్పకుండా పిలవండి. మా వైపు కోళ్ళు, మేకలు, పందుల్ని చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్ళే, సంతకి మాత్రం మగవాళ్ళు వెళ్తారు.

అధికారులు కదిలేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. ఆదివారం జిల్లా పేజీలో సుడోకు పక్కన కాస్త చోటివ్వండి. నాలుగు మేకల ఫొటోలు వేయండి, ఒక్కోదానికి పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, చదునైన నేల మీద, నాలుగు కాళ్ళూ కనబడేలా. వాటి వయసు, ఈతలు, ఈతకి ఎన్ని పిల్లలో కింద రాయండి. పిల్లలు వరస, కారణాలు పోస్టుకార్డు మీద రాసి పంపుతారు, పై వారం ఒక పశువైద్యుడి చేత జవాబు రాయించండి. మొదటి వారానికి మా మేకలు సిద్ధంగా ఉన్నాయి, ఫొటోగ్రాఫరుని పొద్దున మేతకి తోలకముందే పంపండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా