బంధువులుంటే క్లియరెన్స్ రాదని ఎవరు చెప్పారు?

సంపాదకుడు గారికి,

అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసే ఉద్యోగాలకు కావాల్సిన అనుమతి) గురించి పోయిన వారం మీరు మొదటి పేజీలో వేసిన వార్తకు సవరణ కూడా అక్కడే వేయాలి. ఇండియాలో తల్లిదండ్రులుంటే ఆ ఉద్యోగాల మీద ఆశ వదులుకోవాల్సిందే అన్నట్టు రాశారు. అలాంటి నిబంధన ఏదీ లేదు. 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో ‘బి’ విభాగం చూసేది, ఆ బంధుత్వాన్ని అడ్డం పెట్టుకుని మరో దేశం అభ్యర్థి మీద ఒత్తిడి తేగలదా అని. అందుకే బంధువు ఏ దేశంలో ఉన్నాడు, ఏం పని చేస్తాడు, మాటలూ రాకపోకలూ ఎంత అని ఆరా తీస్తారు. రిటైరైన పంతులుగారినీ, అక్కడి రక్షణ శాఖలో పనిచేసే అన్ననూ ఒకే గాటన కట్టరు.

చిక్కంతా క్లియరెన్స్ కోసం నింపే ఎస్ఎఫ్-86 ఫారంలో వస్తుంది. 18వ సెక్షన్‌లో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, అత్తమామలు అందరూ ఉండాలి, చనిపోయినవాళ్లతో సహా. తోడల్లుడు, మేనమామ ఆ జాబితాలో లేరు కదా అని వదిలేస్తారు. కానీ గత 7 ఏళ్లలో దగ్గరి సంబంధం ఉన్న విదేశీ పౌరులెవరైనా 19లో రావాలి. వారం వారం వాట్సాప్‌లో మాట్లాడే తోడల్లుడి పేరు అక్కడ రాయాల్సిందే. అమ్మకు నెలనెలా పంపే డబ్బు, మన పేరున ఉన్న పొలం, బ్యాంకు ఖాతా 20వ సెక్షన్‌లోకి వస్తాయి. ఇవి దాచారని తేలితే ఆ మార్గదర్శకాల్లోనే ‘ఇ’ విభాగం కింద నిజాయితీనే శంకిస్తారు. కావాలని అబద్ధం రాస్తే 5 ఏళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. అయినా “ఎంత తక్కువ రాస్తే అంత మంచిది” అని పిల్లలకు నూరిపోసే కన్సల్టెన్సీలను అడిగేవాడు లేడు!

ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగికి క్లియరెన్స్ మీద అభ్యంతరాల నోటీసు వస్తే 20 రోజుల్లో ప్రతి అంశానికీ ప్రమాణపూర్వకంగా జవాబివ్వాలి. విచారణ కావాలంటే అందులోనే అడగాలి. అడగకపోతే కాగితాలు చూసి తేల్చేస్తారు. నిరూపించుకునే భారం అభ్యర్థిదే. అమెరికాలోని ఇల్లు, పొదుపు, పిల్లల చదువులు, వీటి పక్కన ఇండియాలోని ఆస్తి విలువ ఎంతో లెక్కతో చూపాలి.

క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని 1988లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, ఒప్పుకుంటాం. అలాగని నెలల తరబడి ఫైలు ఎక్కడుందో కూడా చెప్పకపోతే ఎలా? ఉద్యోగమిస్తామన్న కంపెనీ అంతకాలం ఆగదు.

– ఒక పాఠకుడు, వర్జీనియా