చిన్నికి, నాన్న రాసేది

తిరుపతి,
ఆదివారం సాయంత్రం

చిన్నీ,

మేమిద్దరం బాగున్నాం. మధ్యాహ్నం నుంచి వాన. మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు. పని ఎక్కువై ఉంటుంది. మీ అమ్మే ఊరికే టెన్షన్ పడుతోంది.

రాజు మామ కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చి, నువ్వు చిక్కిపోయావనీ, అన్నానికి బదులు ఏదో పొడి కలుపుకుని తాగుతున్నావనీ చెప్పాడు. నేనైతే నమ్మలేదు. ఆ పొడి మీ కంపెనీదేనా?

అన్నట్టు, పాకాలలో రేషన్ బియ్యం గొడవ గుర్తుందా? అవ్వ చేటలో పోసి, రంగు తేడాగా ఉన్న గింజలన్నీ ఏరి, 'ప్లాస్టిక్ బియ్యం' అని కోళ్లకు వేసింది. కోళ్లు శుభ్రంగా తిన్నాయి. అయినా వినదే! రెండు గింజలు చెంబులో వేసి, తేలాయని వీధంతా చూపించింది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్లు కలిపి మళ్లీ గింజలా ఒత్తుతారనీ, నూటికి ఒకటి చొప్పున బియ్యంలో కలుపుతారనీ నువ్వు ఫోన్లో గంటసేపు చెప్పావు. అంతా విని, 'ఆ బి12 ఎవరు చేస్తార్రా' అంది. 'బ్యాక్టీరియా అవ్వా. చెట్టుకూ చేతకాదు, ఆవుకూ చేతకాదు. పెద్ద పెద్ద తొట్లలో వాటిని పెంచి, అవి చేసింది తీసుకుంటారు' అన్నావు. 'పురుగులు పెట్టిన తిండా!' అని ఆ పూట పస్తు పడుకుంది. మర్నాడు 'నీ ఇడ్లీ పిండిని పొంగించేదీ బ్యాక్టీరియానే కదవ్వా' అన్నాక గానీ దారికి రాలేదు. ఆ తర్వాత పోయేదాకా, పొద్దున్నే పిండి గిన్నె మూత తీసి 'లేచినారా నాయనా' అని పలకరించేది.

అవ్వకే నచ్చజెప్పినదానివి, నీకు నేను చెప్పేదేముంది. ఒక్క మాట. లోపం ఉన్నవాళ్లకు ఆ పొడులు అవసరమే, కాదనను. కానీ మూడు పూటలా పొడేనా? నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. మొలకెత్తిస్తే ఫైటిక్ ఆమ్లం తగ్గి, ఇనుము ఒంటికి బాగా పడుతుందని నాకు నేర్పింది నువ్వే. ఊరందరికీ చెప్పి, నువ్వు మాత్రం గ్లాసుడు నీళ్లలో చెంచాడు పొడి... సరే, క్లాసు పీకనని మీ అమ్మకు మాటిచ్చాను.

మొలకల రాగిపిండి రెండు కిలోలు, శెనక్కాయల పొడి, చిన్న సీసాలో నెయ్యి రాత్రి బస్సుకు వేశాను. సంచికి పసుపు గుడ్డ కట్టి ఉంటుంది. సంగటి ఉండ కట్టకుండా కలుపుతూ ఉండు, పొయ్యి దగ్గర ఫోన్ చూడొద్దు.

అందగానే ఫోన్ చెయ్యి. నెయ్యి ఒలికిందో లేదో తెలియాలి. మధ్యాహ్నం ఏం తిన్నావో కూడా చెప్పు, మీ అమ్మ అడుగుతుంది.

నాన్న