వార్షిక నివేదిక: ఈ ఏడంతా షెడ్డు ముచ్చట్లే

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పెద్ద వేడుకలేవీ చెయ్యలేదు. ఉగాదికి పచ్చడి, పులిహోర పంచాం. లెక్కలు విడిగా జతచేశాం. మిగతా రోజులన్నీ ఒకే పని మీద ఉన్నాం: 1950ల్లో నెల్లూరు జిల్లాలోని మన బిట్రగుంట రైల్వే స్టేషన్‌లో, ఆవిరి ఇంజన్ల షెడ్డులో ఎవరు ఏ డ్యూటీ చేసేవారో పెద్దవాళ్లనూ, వాళ్ల పిల్లలనూ అడిగి రాసుకోవడం. పాత ఎం అండ్ ఎస్ఎం (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) రైల్వే 1951లో దక్షిణ రైల్వేలో కలిసింది, 1966లో మనం దక్షిణ మధ్య రైల్వేకి వచ్చాం. పాసు మీద పేరు మారిందే గాని, షెడ్డులో పని అదే.

షెడ్డు అనగానే అందరూ డ్రైవర్ గురించే చెబుతారు. దర్జా ఆయనదే మరి. కానీ ముందు క్లీనర్‌గా నూనెగుడ్డతో ఇంజన్ తుడవాలి, తర్వాత ఫైర్‌మన్, షంటర్ (యార్డులో ఇంజన్‌ని అటూ ఇటూ నడిపేవాడు), గూడ్స్ డ్రైవర్. మెయిలు బండి చేతికొచ్చేసరికి జుట్టు నెరిసేది. ఫైర్‌మన్ అంటే బొగ్గు విసరడమే అనుకునేవాణ్ణి. మంట ఎక్కడ పలచబడిందో చూసి సరిగ్గా అక్కడే పార దులపాలట. బాయిలర్‌లో నీటి మట్టం చూపించే గేజ్ గ్లాసు మీద కూడా కన్నుండాలి. నీళ్లు మరీ తగ్గితే ఫైర్‌బాక్స్ పైనున్న సీసం ప్లగ్గు కరిగి, ఆవిరి మంట మీదకి దూకుతుంది. షెడ్డుకి చేరిన ఇంజన్‌కి బూడిద దించేవాళ్లు, బాయిలర్ కడిగేవాళ్లు, ఫిట్టర్లు వేరే.

స్టేషన్ మాస్టర్ పక్క స్టేషన్‌ని అడిగి లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, తీసుకోవాలి. ఒంటి లైనున్న చోట, ఆ అనుమతికి గుర్తైన టోకెన్ డ్రైవర్‌కి అందనిదే బండి కదలకూడదు. ఆగని బండైతే ఫైర్‌మన్ చెయ్యి చాపి టోకెన్ రింగు అందుకునేవాడు. లాంప్‌మన్ కైకాటి (సిగ్నల్) స్తంభాలెక్కి కిరసనాయిలు దీపాలు పెట్టేవాడు. దీపం మామూలుదే, ఎరుపూ పచ్చా అద్దాలవి. బండి దారి మధ్యలో నిలిచిపోతే గార్డు వెనక్కి నడిచి, వెనక వచ్చే బండిని హెచ్చరించడానికి పట్టాల మీద డిటొనేటర్లు (చక్రం ఎక్కగానే పేలి చప్పుడు చేసేవి) పెట్టాలి.

నా మనసు మాత్రం కాల్‌బాయ్ దగ్గరే ఆగిపోయింది. చేతిలో పుస్తకం, లాంతరు. అర్ధరాత్రి తలుపు కొట్టి, ఫలానా బండికి డ్యూటీ అని చెప్పి సంతకం పెట్టించుకోవాలి. ఒంట్లో బాగాలేదని లోపల్నుంచి కేక వస్తే ఇంకో ఇంటికి పరుగు. ఒకసారి మా నాయనమ్మ 'ఆయన ఊళ్లో లేరు' అందట. తాతయ్య గురక వీధిలోకి వినిపిస్తూనే ఉంది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఫోన్‌లో మెమరీ నిండిపోయి ఒక పెద్దాయన మాటలు సగమే రికార్డయ్యాయి. మళ్లీ వెళ్లేసరికి ఆయన లేరు.

వచ్చే ఏడు, ఆ తలుపులు తీసిన ఆడవాళ్లను అడగాలనుకుంటున్నాం. గార్డు పెట్టె, చేతి లాంతరు, కాల్ పుస్తకం ఎవరింట్లో ఉన్నా ఇవ్వక్కర్లేదు, ఫోటో తీసుకోనివ్వండి చాలు.

ఇట్లు,
కార్యదర్శి