సెలవులకు ముందు స్కూల్ కబుర్లు

తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్కారం. పరీక్షలు అయిపోయాయి, టెన్షన్ తీరింది. రిపోర్టు కార్డులు శనివారం ఉదయం క్లాస్ టీచర్ల దగ్గర తీసుకోండి. లైబ్రరీ పుస్తకాలు ఇంకా ఇవ్వనివాళ్లు అదే రోజు తెచ్చేయండి.

ఈ ఏడాది ముందుగా చెప్పుకోవాల్సింది అమ్మాయిల 4×100 మీటర్ల రిలే జట్టు గురించే. ఇంటర్ స్కూల్ పోటీల్లో ఫస్ట్ వచ్చారు. విడిగా పరుగెత్తితే నలుగురిలో ఎవరికీ పతకం వచ్చేది కాదేమో. గెలిపించింది బ్యాటన్ మార్పిడి, అంటే పరుగెత్తుతూ చేతిలోని చిన్న కర్రను తర్వాతి అమ్మాయికి అందించడం. ఆ మార్పిడికి గీసిన 30 మీటర్ల జోన్ దాటాక బ్యాటన్ చేతులు మారితే జట్టు మొత్తం అవుట్. అందుకే వెనక్కి చూడకుండా చెయ్యి చాచి అందుకోవడం ఒక్కటే రోజూ సాయంత్రం సాధన చేశారు. చూసేవాళ్లకు విసుగొచ్చేది, వాళ్లకు మాత్రం రాలేదు!

సైన్స్ ఫెయిర్‌లో తొమ్మిదో తరగతి పిల్లలకు బహుమతి వచ్చింది. నీళ్లను పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో పోసి 6 గంటలు మంచి ఎండలో పెడితే సూక్ష్మజీవులు ఎలా చస్తాయో చూపించారు. మబ్బు పడితే 2 రోజులు ఉంచాలనీ, బురద నీటికి ఈ పద్ధతి పనికిరాదనీ చార్టు మీద వాళ్లే రాశారు. జడ్జీలకు నచ్చింది అదేనని నా నమ్మకం.

క్విజ్, వక్తృత్వం బహుమతుల ఫొటోలు రాత్రికి పెడతాను. పిల్లల మార్కులు మాత్రం దయచేసి గ్రూపులో పెట్టకండి.