ఫొటోలో డోలు నాది కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ సిటీ పేజీలో ఒక ఫొటో వేసి, కింద 'డోలు దరువులతో అతిథులకు ఘన స్వాగతం' అని రాశారు. రెండో వరుసలో ఎడమ పక్క, డోలు వెనుక సగమే కనబడుతున్న ముసలాయన్ని నేనే. ఆ డోలు నాది కాదు. కొట్టడం కూడా అంతంతమాత్రమే. నేను ఒగ్గు కథకుణ్ణి, మల్లన్న దేవుడి కథను రాత్రంతా ఆడి పాడి చెప్పేవాణ్ణి.

మాది జనగామ దిక్కు. పన్నెండేళ్లప్పుడు పెదనాయన మేళంలో తాళాలు పట్టిన. తర్వాత వంత, ఆ తర్వాత కథ. గజ్జె కట్టి నలబై ఏండ్లు దాటింది. మల్లన్న కథ మొత్తం చెప్పాలంటే ఒక్క రాత్రి చాలదు. బలిజ మేడలమ్మ పెండ్లికే తెల్లారుతుంది, ఆయన ఇంకో పెండ్లాం గొల్ల కేతమ్మ ముచ్చట మర్నాటికి. కండువా నెత్తిన కప్పితే నేనే మేడలమ్మను, గొంగడి భుజానేస్తే నేనే మల్లన్నను. నడుమ సహకథకుడు అడ్డం తగిలి సర్పంచ్ మీద ఒక మాట విసురుతాడు, తూగుతున్న ముసలమ్మ లేచి కూర్చుంటుంది. పేరుమోసిన ఒగ్గు కథకుడు, మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి కథ తెల్లారేదాకా విన్న రోజులే నాకు బడి. 2017లో పోయారాయన. సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనకు వచ్చింది కథ చెప్పినందుకే.

పట్నంలో మమ్మల్ని పిలిచేది పది నిమిషాలకు. మీరు ఫొటో వేసిన ఆ సభ పెట్టినాయన ఫోన్ చేసి, 'కథ వద్దు పెద్దాయనా, పది డోళ్లు కావాలి, తలపాగాలు మరవకండి' అన్నాడు. మేనల్లుళ్లు ఇద్దరికి, ఆటో నడిపే మా వాడకట్టు పిల్లగాడికి కూడా డోళ్లు తగిలించి తీసుకుపోయిన. డబ్బులిచ్చారు, అబద్ధమెందుకు. డోలు విన్యాసాన్ని తక్కువ చేయను. ఒకరి భుజాల మీద ఒకరెక్కి కొట్టడం ఈ మోకాళ్లతో నాకు కలలో మాట. కానీ ఒగ్గంటే డోలు కాదు, శివుని డమరుకం. గుప్పిట్లో ఇమిడేది. ఫొటోకు ఆనదు కాబోలు.

పట్నపోళ్లకు ఓపిక లేదంటారు. సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం మల్లన్న గుడి ఉన్న కొమురవెల్లికి వచ్చి చూడండి. దాని పేరే పట్నం వారం. హైదరాబాద్ నుంచి పోయిన జనం మర్నాడు పెద్దపట్నం అనే రంగుల ముగ్గు, నిప్పులు తొక్కే అగ్నిగుండం అయ్యేదాకా కదలరు. సురభి వాళ్ల నాటకాలకు ఈ ఊళ్లోనే టికెట్ కొనుక్కొని కూర్చుంటున్నారు కదా!

భాషా సాంస్కృతిక శాఖ వారిని అడిగేదొక్కటే. నెలకొక శనివారం, లలితకళా తోరణంలో, ఒక మేళానికి ఒక రాత్రి ఇవ్వండి. ఒగ్గు వాళ్లకొక నెల, చిందు యక్షగానం ఆడేవాళ్లకొక నెల. కథ సగంలో ఉండగా 'టైమైంది' అని చీటీ పంపొద్దు. మేం అయిదుగురమే వస్తాం. కథకుడు, వంతకు ఇద్దరు, ఒక డోలు, ఒక కంజీర. మైకు ఒక్కటున్నా సర్దుకుంటాం, నడిరాత్రి ఒక చాయ్ మాత్రం కావాలె.

ఇట్లు,
ఒక ఒగ్గు కథకుడు,
ఉప్పల్, హైదరాబాద్